ఆకుల దొర తోటలో జిల్లేడు

నా మూడో పెళ్లి జిల్లేడు చెట్టుతో అయింది. అందులో వింతేం లేదు. మా వైపు మూడో పెళ్లి చేసుకునే మగాడు ముందు జిల్లేడుకే తాళి కడతాడు. మూడో పెళ్లిలో ఏదో కీడు ఉంటుందని, అది మనిషికి తగలకుండా చెట్టుకి తగలాలని పెద్దలు పెట్టేరు. చెట్టు మూడోది అవుతుంది, పిల్ల నాలుగోది అవుతుంది. చెట్టు ఎండిపోతుంది, పిల్ల బతుకుతుంది. అంతే.

నా చెట్టు ఎండలేదు.

కొత్త కాలవలొచ్చి ఎన్నాళ్లో కాలేదు అప్పటికి. గట్ల మీద మట్టి ఇంకా ఎర్రగా, వదులుగా ఉండేది. ఆ మట్టిలో జిల్లేళ్లు తెగ మొలిచేయి. నాకు ముందు సుందరమ్మ ఉండేది, జ్వరంతో పోయింది. తరవాత సువర్ణ, పురిట్లో పోయింది. బిడ్డా దక్కలేదు. ఇద్దరి మంచాల పక్కనా కూచున్నాను. కషాయాలు పోసేను, కాళ్లు పట్టేను. అంతకంటే చెప్పడానికి లేదు.

ఇద్దరు పెళ్లాలు పోయినవాడికి పిల్లనిచ్చే వాళ్లుండరు. కాట్రేనికోన బంగారరాజు గారు ఇస్తానన్నారు. వాళ్ల పిల్ల వీరలక్ష్మికి ముందు కుదిరిన సంబంధం వాడు పడవ మునిగి పోయేడట. ఆ పిల్లకి పాతికేళ్లు దగ్గర పడ్డాయి. ఆయన ఒక్కటే అడిగేరు. "జిల్లేడు పెళ్లి సక్రమంగా జరిపించండి అల్లుడు గారూ. మా పిల్ల మీదికి ఏదీ రాకూడదు." ఆయ్ అన్నాను.

వైశాఖంలో ఒక ఆదివారం పొద్దున్న మా అమ్మ పెద్దింట్లమ్మ, మేనమామ పెదబాబు, శాస్త్రులు గారు, నేను కాలవ గట్టు మీదికి వెళ్లేం. శాస్త్రులు గారు ఒక తెల్లజిల్లేడును చూపించేరు. ఛాతీ ఎత్తు ఉంది. అమ్మ దాని కాండానికి పసుపు రాసి, ఆకులకి బొట్లు పెట్టింది. మా మావయ్య కన్యాదానం చెయ్యాలి. అంటే ఆ పూటకి చెట్టుకి తండ్రి ఆయనే. ఆయన నోరు ఊరుకోదు.

"ఇన్నాళ్లూ వరసకే అల్లుడివి, ఇవాళ నిజంగా అయ్యేవురా అమ్మిరాజూ" అన్నాడు. "నా కూతురు మాటకారి కాదు. నీకు సరిగ్గా సరిపోతుంది. ఇద్దరూ కూచుని ఊరుకోవచ్చు."

"నువ్వూరుకోరా ముందు" అంది అమ్మ.

పసుపుకొమ్ము కట్టిన తాడు కాండానికి చుట్టి మూడు ముళ్లు వేసేను. బిగిస్తుంటే తొక్క గీరుకుని పాలు కారి వేళ్లకి అంటుకున్నాయి. ఎంత తుడిచినా పోలేదు. శాస్త్రులు గారు చెప్పవలసింది చెప్పేరు. "ఇంక వెనక్కి చూడకు. కొయ్యకు, నరక్కు. నువ్వు చేత్తో చంపితే అది వేరే పాపం. నీళ్లు పొయ్యకు. దానంతటదే ఎండుతుంది. ఎండితే కీడు వదిలినట్టు."

మర్నాడు కాట్రేనికోనలో వీరలక్ష్మికి తాళి కట్టేను. వేళ్ల మీద ఆ జిగురు ఇంకా ఉంది.

*

నేను పని చేసేది సఖినేటిపల్లి రేవు దగ్గర దొరగారి తోటలో. ఆయనకి వేరే పేరుందిగాని ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఊరంతా ఆకుల దొర అనేది. పొద్దున్నే గొడుగు వేసుకుని గట్ల వెంట, లంకల్లో తిరిగి, కనిపించిన ఆకల్లా కోయించి తెచ్చేవాడు. వాటిని కాగితాల మధ్య పరిచి, పైన బల్ల పెట్టి, బల్ల మీద రాళ్లు పెట్టించేవాడు. అవి అప్పడాల్లా అయ్యేక పెట్టెల్లో సర్దేవాడు. తోటలో సీమపనస ఉండేది, ఎక్కణ్ణించో తెప్పించిన నిమ్మ జాతులుండేవి, ఎందుకూ పనికిరాని ముళ్ల మొక్కలుండేవి. ముళ్ల మొక్కలకే ఎక్కువ మర్యాద. ఆయన మనిషి చెడ్డవాడు కాడు. ఆయనకి వచ్చిన తెలుగు మాట ఒక్కటే, మంచిది. తేలు కుట్టిందని చెప్పినా మంచిది అనేవాడు.

పెళ్లయి తోటకి వచ్చిన రోజున చూస్తే, కొబ్బరి వరసల వెనక ఖాళీ మడిలో జిల్లేళ్లు నాటి ఉన్నాయి. వరసగా, అరటి పిలకల్లాగ. జిల్లేడుని ఎవరైనా నాటుతారా? నవ్వొచ్చింది. నడుచుకుంటూ వెళ్తున్నాను. మధ్యలో ఒక చెట్టు దగ్గర ఆగిపోయేను.

కాండానికి పసుపు. ఆకు మీద బొట్టు. నడుం ఎత్తున తాడు, పసుపుకొమ్ము.

వెనకనించి దుబాసి మాణిక్యాలరావు పంతులు గారు వచ్చేరు. దొర మాట మాకు, మా మాట దొరకి చెప్పేది ఆయనే.

"చూసేవురా? నువ్వు పెళ్లి సంబరంలో ఉండగా కూలీల చేత తవ్వించేం. దొరలకి రూసు దేశం వాళ్లతో యుద్ధం వచ్చింది. ఓడల తాళ్లకి నార అక్కణ్ణించి వచ్చేదిట, ఆగిపోయింది. జిల్లేడు నార పనికొస్తుందేమో పెంచి చూడమని చెన్నపట్నం నించి తాకీదు."

"ఆయ్."

"అందులో ఇదొకటి చూడు. ఎవడో కట్టుకున్న చెట్టు. కూలీలకి వేరే చెట్టే కనపడలేదు. ఎవడి కొంపో పాపం."

"నాదేనండి."

పంతులు గారు నా వంక చూసేరు. చెట్టు వంక చూసేరు. ఉత్తరీయం తీసి మొహం తుడుచుకున్నారు.

"దొరగారితో చెప్పండి పంతులు గారూ. దీన్ని ఎక్కడిది అక్కడ పెట్టేస్తాను" అన్నాను.

"ఏమని చెప్పనురా? మా తోటవాడి భార్యని మీరు వేళ్లతో సహా తవ్వించేరండీ, ఇచ్చెయ్యండీ అనా? ఆ భాషలో అలాటి మాటలు పక్కపక్కన నిలబడవు. నాకు రాదు. ఊరుకో. జిల్లేడు నాటితే బతుకుతుందా? దానంతటదే పోతుంది."

అదీ నిజమే అనుకున్నాను. దొర హుకుం ఏమంటే, వరసలో చెట్టు చెట్టుకీ పొద్దునో కడవ, సాయంత్రం ఓ కడవ నీళ్లు. ఆ పని నాదే. వరసంతా పోసుకుంటూ వచ్చి ఆ చెట్టు దగ్గరికి వచ్చేసరికి కడవ వంచేవాణ్ణి గాని నీళ్లు పడకుండా వంచేవాణ్ణి. అరుగు మీద కూచున్న దొరకి దూరాన్నించి తేడా తెలిసేది కాదు. నాకు మాత్రం, ఎదురుగా విస్తరి ముందు కూచున్న మనిషిని వదిలేసి పక్కవాళ్లకి వడ్డిస్తున్నట్టుండేది.

*

ఇంట్లో దాచాలనుకున్నాను. మా మావయ్య ఉండగా ఏం దాగుతుంది? గట్టు మీద గుంట చూసి వచ్చి అరుగు మీద కూచుని మరీ చెప్పేడు.

"అక్కా, నా కూతుర్ని ఎవరో లేవదీసుకుపోయేరే!"

సంగతంతా నేను చెప్పవలసి వచ్చింది. శాస్త్రులు గారిని పిలిపించేం. ఆయన వచ్చి చాప మీద కూచుని చాలాసేపు కళ్లు మూసుకున్నారు.

"ఎండితే ఏం చెయ్యాలో ఉంది" అన్నారు. "ఎవరైనా నరికితే ఏం చెయ్యాలో ఉంది. తవ్వుకెళ్లి తోటలో పెట్టి పెంచితే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు."

"పోనీ మళ్లీ ఇంకో చెట్టుకి కట్టిస్తే?" అంది అమ్మ.

"అప్పుడది అయిదోది అవుతుందమ్మా. మూడోది మూడోదిగానే ఉంటుంది కదా, తోటలో."

"అయితే వీడు కోడల్ని ఏలుకుంటున్నట్టా, కానట్టా?"

"ఏలుకుంటున్నట్టే. కాకపోతే..." అని ఆగిపోయేరు. ఇంకా ఏమంటారోనని అందరం చూసేం. తాంబూలం తీసుకుని వెళ్లిపోయేరు.

వీరలక్ష్మి తలుపు చాటున నిలబడి అంతా విన్నది. మా ఇంటికి వచ్చి ఇంకా పక్షం కాలేదు. నాతో నిండా నాలుగు మాటలు మాట్లాడలేదు. నేనూ అంతే. ఆ పూట అన్నం పెడుతూ అడిగింది.

"ఎలా ఉంటుందండీ?"

"ఏది?"

"ఆవిడ."

"జిల్లేడు చెట్టులాగే ఉంటుంది" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం చల్ది కడవ నెత్తిన పెట్టుకుని తోటకి వచ్చింది. అమ్మ వద్దన్నా వచ్చిందని తరవాత తెలిసింది. కడవ దింపి, చేతులు కట్టుకుని వరస వంక చూసింది. నేను చూపించకముందే వెళ్లి సరిగ్గా దాని ముందు నిలబడింది. పసుపు ఉంది కదా, చూపించక్కర్లేదు. అప్పటికి ఆకులు సగం రాలేయి. మిగిలినవి వేలాడుతున్నాయి.

"ఎండుతోంది" అన్నాను. ఆమెకి ధైర్యం చెబుదామని.

"ఊ" అంది. ఆ తరవాత, "నీళ్లు పోస్తున్నారా?"

"లేదు. పోస్తున్నట్టు చేస్తున్నాను."

"చుట్టూ అందరికీ పోసి?"

"ఊ."

రాలిన ఆకులు ఏరి పక్కకి పెట్టింది. వెళ్లేటప్పుడు నాతో కాదు, దానితో అంది. "వస్తానక్కా."

ఈమె బతకాలంటే అది చావాలి. ఆ సంగతి ఈమెకి తెలుసు. తెలిసీ అక్కా అంటోంది. అది వట్టి చెట్టే కదా అనుకుంటే భయమెందుకు? చెట్టు కాదనుకుంటే మరి నేను చేస్తున్నదేమిటి? ఎటు నించి చూసినా తెమిలేది కాదు. కడవ తీసుకుని మళ్లీ నీళ్లకి వెళ్లేను.

*

జ్యేష్ఠం సగంలో అది చిగిరించింది.

నేను నమ్మలేదు. దగ్గరికి వెళ్లి వంగి చూసేను. తాడు కింద, పసుపు చెదిరిన చోట, బూడిద రంగు మొగ్గలు. రెండు రోజులు పోయేసరికి ఆకులు విచ్చుకున్నాయి. అంతకంటే చిత్రం, మిగతావి. పొద్దునా సాయంత్రం కడుపు నిండా పోసినవి. అవి పసుపుపచ్చగా అయిపోయి, మొదళ్లు మెత్తబడి, ఒకటొకటే పక్కకి ఒరగడం మొదలెట్టేయి. ఒకదాన్ని పట్టుకు లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. వేరు కుళ్లి వాసన కొట్టింది.

నేను నీళ్లు పోసినవి పోయేయి. పొయ్యనిది బతికింది.

ఆ చిగురు చూసిన సాయంత్రమే వీరలక్ష్మికి చలి పుట్టింది. కాలవలొచ్చిన దగ్గర్నించి ఊళ్లో చలిజ్వరాలు మామూలే. ఆ వారం మా వీధిలో సగం ఇళ్లలో ఎవరో ఒకరు దుప్పటి కప్పుకుని ఉన్నారు. కాని మా అమ్మకి ఆ ఇళ్లేవీ కనపడలేదు.

"అక్కడ చిగిరించింది, ఇక్కడ చలి పుట్టింది. ఇంకేం కావాలిరా నీకు?" అంది. "వెళ్లి దాన్ని పీకి పారేసి రా."

"చేత్తో చంపకూడదన్నారు కదే."

"అయితే ఈ పిల్ల చస్తే చూస్తూ కూచో."

కూచున్నాను. మంచం పక్కన. కషాయం పోసేను. తడిగుడ్డ వేసేను. గంట కాకుండానే మళ్లీ కషాయం కలుపుతుంటే వీరలక్ష్మి కళ్లు తెరిచి చూసింది.

"ఆవిడకి పొయ్యరు గానీ నాకు మాత్రం ఊపిరాడకుండా పోస్తున్నారు" అంది. "కాస్సేపు అలా వెళ్లి కూచోండి. నాకు నిద్రొస్తోంది."

వెళ్లి అరుగు మీద కూచున్నాను. చేతులు ఏం చెయ్యాలో తెలీలేదు.

మూడో నాటికి జ్వరం దిగింది. దిగినా లాభం లేకపోయింది. కబురు అప్పటికే కాట్రేనికోన చేరింది. బంగారరాజు గారు పడవ మీద వచ్చేరు. కాళ్లు కడుక్కోకుండా ముందు తోటకి వెళ్లి, చెట్టును కళ్లారా చూసి, అప్పుడు మా ఇంటికి వచ్చేరు. కోప్పడలేదు. కోప్పడితే బావుండేది.

"ఆషాఢం వస్తోంది కదా అల్లుడు గారూ. కొత్త కోడలు ఎలాగూ పుట్టింటికి రావలసిందే. తీసుకెళ్తున్నాను."

"ఆయ్, తీసుకెళ్లండి మావయ్య గారూ. శ్రావణంలో నేనొచ్చి తీసుకొస్తాను."

"మీరు రావద్దు. అది ఎండినప్పుడు కబురు చెయ్యండి. నేనే దిగబెడతాను."

"ఎండకపోతేనండీ?"

ఆయన తలపాగా సరిచేసుకున్నారు. "ఎండకపోతే పిల్ల మా ఇంట్లో బతికుంటుంది. మాకదే చాలు. ఏమీ అనుకోకండి."

నేనేమంటాను? ఆయన స్థానంలో నేనున్నా అదే చేద్దును. వీరలక్ష్మి మూట పట్టుకుని పడవ ఎక్కింది. వెళ్తూ వెళ్తూ నా వంక చూడలేదు, తోట వంక చూసింది.

*

ఆషాఢమంతా నాకు అయోమయంగా గడిచింది. పొద్దున్న లేవగానే అది ఎండిపోయి ఉండాలని వెళ్లేవాణ్ణి. వెళ్లేక దాని ఆకు మీద పురుగు కనిపిస్తే చెయ్యి దానంతటదే వెళ్లి తీసేసేది. తీసేసేక, ఎందుకు తీసేనా అని నిలబడేవాణ్ణి. వానలు పడ్డాయి. నేను పొయ్యని నీళ్లు దేవుడు పోసేడు. దానికేం కాలేదు. మెరక మీద ఉందేమో, నీరు నిలవలేదు. తెల్లగా పూసింది.

ఒకనాడు ఆకుల దొర దాని ముందు స్టూలు వేయించుకుని కూచున్నాడు. పూలు చూసేడు, ఆకు వెనక చూసేడు. తాడు చూసేడు. పసుపుకొమ్ము వేలితో కదిపి పంతులు గారిని ఏదో అడిగేడు. పంతులు గారికి చెమటలు పట్టేయి. ఏదో చెప్పేరు. దొర మొహం వెలిగిపోయింది. "మంచిది! మంచిది!" అన్నాడు.

దొర వెళ్లేక పంతులు గారి దగ్గరికి వెళ్లేను. "ఏమన్నారండీ?"

"వరసలో అన్నీ పోయి ఇదొక్కటే బతకడానికి ఈ పసుపు, ఈ తాడే కారణమా అని అడిగేడు."

"మీరేమన్నారండీ?"

"ఏమంటానురా? ఔనన్నాను. ఈ దేశంలో చెట్లకి చెద పట్టకుండా అలా కడతారని చెప్పేను." గొంతు తగ్గించేరు. "ఇంకో సంగతి. కొత్తగా ఇంకో వరస నాటమన్నాడు. అన్నిటికీ అలాగే పసుపు పుయ్యాలి. అలాగే తాడు కట్టాలి. కొమ్ముతో సహా. నీ చేత్తోనే కట్టాలిట. నీ చెయ్యి మంచిదన్నాడు."

పారిపోదామా అనుకున్నాను. పారిపోతే వీరలక్ష్మి ఏ ఇంటికి వస్తుంది? మా అమ్మ పసుపు నూరి ఇవ్వనంది. కూలి ఆడవాళ్లు నూరేరు. నూరుతూ పొట్ట పట్టుకుని నవ్వేరు.

"అమ్మిరాజు బావా, ఇంతమందిని ఎలా ఏలుకుంటావు?"

"కూటికి ఇబ్బంది లేదులే, నీళ్లు పోస్తే చాలుగా."

"అదీ పొయ్యడమ్మా ఈ మొగుడు!"

మా మావయ్య పనిగట్టుకుని వచ్చి గట్టు మీద కూచున్నాడు. "అల్లుడూ, అందరూ నా కూతుళ్లేనా? కన్యాదానాలకి నా నడుం పడిపోతుందిరా" అన్నాడు.

నేను కట్టేను. కాని ప్రతి చెట్టుకీ రెండు ముళ్లే వేసేను. మూడోది వెయ్యలేదు. రెండు ముళ్లకి పెళ్లి అవదు. శాస్త్రులు గారిని అడగలేదు. అడిగితే ఆయన మళ్లీ కళ్లు మూసుకుంటారు. అంతవరకు నాకు నేనే తేల్చుకున్నాను. అన్నీ అయ్యేక వెనక్కి జరిగి చూస్తే మడి నిండా పసుపు కాండాలు. ఏది ఏదో పైకి చూసి చెప్పలేరు. ముళ్లు తడిమితేనే తెలుస్తుంది.

*

శ్రావణంలో గోదారి ఎర్రబడింది. అంతర్వేది దగ్గర, గోదారి సముద్రంలో కలిసే మొగలో ఓడ ఆగి ఉందని, దాని మీద మొక్కలు చెన్నపట్నానికి, అక్కణ్ణించి సముద్రం అవతల దొరల దేశానికి వెళ్తాయని చెప్పేరు. దొర గాజు పెట్టెలు చేయించేడు. చిన్న ఇల్లులాగ ఉంటుంది పెట్టె. కింద మట్టి, పైన వాలుగా గాజు పలకలు. ఒకసారి మొక్క పెట్టి మూసేస్తే లోపలి తడి లోపలే తిరుగుతుందిట, దారిలో ఎవరూ నీళ్లు పొయ్యక్కర్లేదుట. ఆ మాట విని నాకు ఎందుకో నవ్వొచ్చింది.

మొదటి పెట్టెలోకి దొర నా చెట్టునే చూపించేడు, మిగతావాటిలోకి కొత్త వరసలోవి. కొమ్మలు కొట్టేసి పొట్టి చేయించేడు. నేనే తవ్వేను. వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా రెండు చేతులా ఎత్తి పెట్టెలో దింపేను. తాళి కట్టిన నాటి తరవాత మళ్లీ దాన్ని పట్టుకోవడం అదే. బరువుగానే ఉంది.

రేవులో పెట్టెలు పడవలోకి ఎక్కిస్తుండగా అవతల కాట్రేనికోన వాళ్ల పడవ ఆగింది. బంగారరాజు గారు దిగేరు. వెనక వీరలక్ష్మి దిగింది. నేను కబురు చెయ్యలేదు. ఎండలేదు కదా, ఏమని చేస్తాను?

"రోజూ ఒకటే నస అల్లుడు గారూ" అన్నారు ఆయన. "ఓసారి చూసి వద్దామని. చూపించి తీసుకెళ్లిపోతాను."

వీరలక్ష్మి పెట్టెల మధ్యకి వెళ్లింది. ప్రతి దాంట్లోనూ పసుపు కాండమే. ఒకదాని తరవాత ఒకటి చెయ్యి పెట్టి తాళ్లు తడిమింది. మొదటి పెట్టె దగ్గర ఆగింది.

"ఇదే" అంది. "మూడో ముడుంది." నేనెవరికీ చెప్పలేదు ఆ సంగతి. ఎలా తెలిసిందో అడగలేదు.

"ఎక్కడికి పంపుతున్నారు?"

"సముద్రం అవతలికిట."

"అక్కడ ఎవరున్నారు?"

"ఎవరుంటారు?"

కొంగు ముడి విప్పింది. బయల్దేరేటప్పుడు వాళ్లమ్మ పోసిన ఒడిబియ్యం ఉన్నాయి అందులో. అంటే వాళ్లమ్మ చూసి రమ్మని పంపలేదు, అత్తవారింటికి పంపింది. బంగారరాజు గారు అది ఇప్పుడే చూసేరు. వీరలక్ష్మి ఆ బియ్యంలో సగం రెండు చేతులా తీసి, చెట్టు మొదట్లో పోసింది. తన పసుపుకొమ్ము ఒకటి పక్కన పెట్టింది.

"ఉత్త చేతుల్తో ఎలా పంపుతారు?" అంది. ఎవరితోనో తెలీదు.

ఒడ్డున ఉన్న దొర ఇది చూసి పంతులు గారిని అడిగేడు. పంతులు గారు ఈసారి తడుముకోలేదు. ఒక్క ముక్కలో ఏదో చెప్పేరు. దొర "మంచిది" అన్నాడు.

"ఏమన్నారండీ?" అన్నాను.

"ఎరువన్నాను" అన్నారు పంతులు గారు, గోదారి వంక చూస్తూ. కొట్లోంచి బియ్యం తెప్పించి, మిగతా పెట్టెలన్నిటిలోనూ తలా గుప్పెడు వేయించేడు దొర. పలకలు మూసేరు. లోపల అప్పుడే ఆవిరి పట్టింది. పడవ కదిలింది.

బంగారరాజు గారు గొంతు సవరించుకున్నారు. "మరి పదమ్మా. పోటు తిరగకముందే వెళ్లిపోదాం. చెట్టు ఎండలేదు కదా."

"ఎండలేదు నాన్నా. వెళ్లిపోయింది కదా."

"వెళ్లడం, ఎండడం ఒకటేనా?"

"ఏమో, నాకు తెలీదు" అంది వీరలక్ష్మి. నా వంక తిరిగింది. "ఇంట్లో చింతపండు ఉందా, అయిపోయిందా?"

"చూళ్లేదు" అన్నాను.

మూట తీసుకుని మా ఇంటి దారి పట్టింది. బంగారరాజు గారు, నేను చాలాసేపు రేవులో నిలబడిపోయేం. చివరికి ఆయన, "చింతపండు అంటే గుర్తొచ్చింది, మా పడవలో ఉంది, పట్టుకెళ్లండి" అన్నారు.

*

శాస్త్రులు గారు తరవాత ఒక దారి చెప్పేరు. సముద్రం దాటిన మనిషి కులంలో లేనట్టే కదా, చెట్టూ అంతే అనుకుందాం అన్నారు. "అనుకుందామా, అంతేనా?" అని అడిగింది మా అమ్మ. "అనుకుందాం" అన్నారు ఆయన. అమ్మకి ఆ మాట ఆనలేదు. వీరలక్ష్మికి ఏటా చలిజ్వరం వచ్చినప్పుడల్లా, "అక్కడెవడో నీళ్లు పోస్తున్నాడు" అనేది. తగ్గినప్పుడు ఏమీ అనేది కాదు.

యుద్ధం అయిపోయిందన్నారు, నార అక్కర్లేదన్నారు. ఆకుల దొర వెళ్లిపోయేడు. తోటలో కొబ్బరి ఒక్కటే మిగిలింది. మాకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పంతులు గారు బతికున్నన్నాళ్లూ అడుగుతూనే ఉన్నాను, ఆ పెట్టె చేరిందా, లేదా, ఏమైనా తెలిసిందా అని. ఆయనకీ తెలీదు.

కాలవ గట్టు మీద, దాన్ని తవ్వేసిన గుంటలో, తెగి మిగిలిపోయిన వేరు ఎప్పుడో మళ్లీ మొలిచింది. మొదట చూసింది వీరలక్ష్మే. శుక్రవారాలు వెళ్లి పసుపు రాసి వచ్చేది. ఇది అదేనా, దాని బిడ్డా, ఇంకోటా అని అడిగితే, "మీకన్నీ కావాలి" అనేది.

కిందటి కార్తీకానికి ముందు వీరలక్ష్మి పోయింది. మంచం పట్టి ఎన్నాళ్లో లేదు. దూరంగానే కూచున్నాను, అడిగినప్పుడే నీళ్లిచ్చేను. ఊళ్లో నన్ను పెళ్లాలందరూ పోయినవాడంటారు. నేను ఔననను, కాదనను. మూడోది ఎక్కడో బతికుందేమో. నాకు తెలీదు.

సాయంత్రాలు గట్టు మీదికి వెళ్లి ఆ చెట్టు పక్కన కూచుంటాను. మొన్న వేసవికి ఆకులు వాల్చేసింది. పక్కనే కాలవ ఉంది, చేతిలో చెంబు ఉంది. చాలాసేపు చూసేను.

నీళ్లు మాత్రం పొయ్యలేదు.